నా కొలత కాని చంక కర్రలు

కాలు విరిగితే చెయ్యి పడిపోయింది. ఈ మాట ఎవరితో అన్నా ముందు నవ్వుతారు. తరవాత నా కుడిచేతి వైపు చూసి నవ్వు ఆపేస్తారు. ఇప్పుడు చెయ్యి చాలావరకు తిరిగొచ్చింది కాబట్టి కూర్చుని రాయగలుగుతున్నాను. కోపం మాత్రం అలాగే ఉంది. అది ఉండగానే రాసేయాలని నా పట్టుదల. తగ్గాక రాస్తే అందరినీ మంచివాళ్ళని చేసి రాసేస్తాను. నా సంగతి నాకు తెలుసు.

మాది రాయపూర్. మా మామగారు శ్రీకాకుళం జిల్లా నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మా ఆయనదీ రైల్వే ఉద్యోగమే. క్వార్టర్లో నేను, ఆయన, మా అత్త, డిగ్రీ చదివే మా అమ్మాయి స్వాతి ఉంటాం. నేను జాకెట్లు కుడతాను. పండరీ బజారులో చీరల కొట్టు నడిపే సేఠ్ ఒకాయన తన దగ్గర కొన్నవాళ్ళని నా దగ్గరికి పంపిస్తాడు. ఇరవై ఏళ్ళుగా ఆడవాళ్ళ చంకల చుట్టూ టేపు తిప్పి కొలతలు తీసుకున్నదాన్ని. ఇక్కడి దర్జీలు ఆ భాగాన్ని ముడ్ఢా అంటారు. అక్కడ అర అంగుళం బిగిసినా మనిషి చెయ్యెత్తలేదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. చర్మానికి ఇవతల ఏముందో తెలుసు గానీ అవతల ఏముందో తెలీదు. తెలుసుకోవాల్సిన పని పడుతుందని ఎవరనుకుంటారు?

జూలై

కరోనా రావడానికి ముందు ఏడాది వానాకాలం. శంకర్ నగర్‌లో ఒక పెద్దావిడ ఇంటికి కుట్టిన జాకెట్లు ఇవ్వడానికి వెళ్ళాను. తిరిగి దిగుతుంటే వానకి తడిసిన పాలరాతి మెట్ల మీద ఎడమ కాలు జారింది. చీలమండ పైన రెండు ఎముకలూ విరిగాయి. ఆసుపత్రిలో ఎముకల డాక్టరు మోకాలి దాకా కట్టు వేసి, ఆరు వారాలు ఆ పాదం నేల మీద పెట్టొద్దన్నాడు. "బైసాఖీ పట్టుకుని నడవండి" అని చీటీ మీద రాసి పక్క పేషెంటుని పిలిచాడు. బైసాఖీ అంటే చంక కర్రలు. ఎక్కడ దొరుకుతాయి, ఎంత పొడుగుండాలి, ఎలా పట్టుకోవాలి అన్నది ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. చెప్పుల కొట్లో చెప్పుల సైజు అడుగుతాం. ఆసుపత్రిలో కర్రల సైజు అడగాలని మాకు తోచలేదు.

సాయంత్రానికల్లా మా మరిది సింహాద్రి అభన్‌పూర్ నుంచి బస్సెక్కి వచ్చేశాడు. అక్కడ ఒక బియ్యం మిల్లులో పనిచేస్తాడు. ఆరడుగుల మనిషి. నాలుగేళ్ళ కిందట తొడ ఎముక విరిగినప్పుడు వాడిన అల్యూమినియం కర్రలు అటక మీద ఉంటే దించి, తుడిచి, పైన దిండులా ఉండే చోట కొత్త గుడ్డ చుట్టి తెచ్చాడు. ఆ గుడ్డ కుట్లు వాళ్ళావిడ చేతివి. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

నేను నాలుగడుగుల పదకొండు అంగుళాలు. కర్రలు చంకల కింద పెట్టుకుంటే భుజాలు చెవుల దగ్గరికి వచ్చాయి.

"ఎత్తయ్యాయేమో సింహాద్రీ" అన్నాను.

"మొదట్లో నాకూ అలగే ఉండీది వొదినా. నాలుగు రోజులు నడిస్తే అలవాటైపోద్ది."

కింద పొడుగు తగ్గించుకోవడానికి వరుసగా కన్నాలున్నాయి. వాటిలోంచి బయటికి పొడుచుకొచ్చే చిన్న బటన్ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. మా ఆయన పట్టకారు తెచ్చి ఒకసారి నొక్కి చూశారు. "జామ్ అయిపోనాది. రేపు నూనె ఏసి చూస్తాను" అన్నారు. ఆ రేపు రాలేదు.

ఆగస్టు

ఇక్కడ తీజా పండక్కి ఆడవాళ్ళకి పుట్టింటివాళ్ళు చీర పెడతారు. ఆ చీరలన్నిటికీ జాకెట్లు కావాలి. ఏడాదిలో నాకు ఊపిరాడనిది ఆ నెలే. కాలు విరిగిందని సేఠ్‌తో చెబితే పని ఇంకొకళ్ళకి పోతుంది. మిషన్ తొక్కలేను కాబట్టి కుట్టే పని పక్కింటి బహూకి, అంటే వాళ్ళ కోడలికి, అప్పజెప్పి, కత్తిరించే పని నేను ఉంచుకున్నాను. కత్తిరించడం నిలబడి చెయ్యాలి. ఎడమ కర్ర బల్లకి ఆనించి, ఎడమచేత్తో గుడ్డ అదిమిపట్టి, కుడి చంక కింద కర్ర మీద ఒళ్ళంతా వదిలేసి కుడిచేత్తో కత్తెర నడిపేదాన్ని. రోజుకి నాలుగైదు గంటలు. చేతులు ఖాళీగా ఉండాలంటే బరువు చంక మీదే వెయ్యాలి కదా. కర్రలున్నది అందుకేననుకున్నాను.

మొదట చంక ఒరుసుకుపోయింది. కొబ్బరినూనె రాసుకున్నాను. తరవాత బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, చేతి వెనకవైపు, తిమ్మిరి మొదలైంది. అక్కడ గిల్లుకుంటే వేరేవాళ్ళ చేతిని గిల్లినట్టుండేది. పని ఎక్కువై అనుకున్నాను.

ఒక పొద్దున టీ గ్లాసు అందుకోబోతే చెయ్యి ముందుకి వెళ్ళింది గానీ మణికట్టు లేవలేదు. తెంపి ఎండలో పెట్టిన తోటకూర కాడలాగా కిందికి వేలాడింది. వేళ్ళు ముడుచుకుంటున్నాయి, విప్పుకోవడం లేదు. ఎడమచేత్తో ఎత్తి పట్టుకున్నాను. వదిలితే మళ్ళీ పడిపోయింది.

"మమ్మీ, ఐసే క్యోం కర్ రహీ హో? సీదాగా పట్టుకో నా" అంది స్వాతి. ఎందుకలా చేస్తున్నావని.

"పట్టుకోలేకపోతున్నానే."

మా అత్త వంటింట్లోంచి వచ్చి చూసింది. "ఓలమ్మో, సెయ్యి పడిపోనాదేటే! పచ్చవాతమే ఇది" అని గోడకి జారగిలబడింది. మా మామగారు పక్షవాతంతోనే పోయారు. ఆవిడ భయానికి కారణముంది. ఆ భయం మా ఇంట్లో అందరికీ ఒక్క నిమిషంలో పాకింది.

ఆటోలో ఎమర్జెన్సీకి వెళ్ళాం. అక్కడ కుర్ర డాక్టరు కనుబొమలు ఎత్తమన్నాడు, నాలుక చాపమన్నాడు, నవ్వమన్నాడు. ఏడుపు ఆపుకుంటున్న మనిషిని నవ్వమంటే ఎలా నవ్వుతుంది? నవ్వాను. తలకి స్కాన్ తీశారు. తలలో ఏమీ లేదన్నారు. మూడు గంటలు బెంచీ మీద కూర్చుంటే ఆ మాట తెలిసింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. చెయ్యి మాత్రం ఒళ్ళో అలాగే పడుంది.

రెండో డాక్టరు మెడ ఎముకలు అరిగాయన్నాడు. దర్జీ పని చేసేవాళ్ళకి మామూలేనట. మెడకి పట్టీ వేశాడు. మూడో ఆయన నరాల డాక్టరు. రెండు వారాల తరవాత గానీ నంబరు దొరకలేదు. వెళ్ళేసరికి ఆయన సెలవు. మళ్ళీ వారం. ఈ లోపల షుగర్ పరీక్ష, రక్తంలో ఏవో విటమిన్ల పరీక్ష. ప్రతిచోటా మొదటినుంచి చెప్పుకోవాలి. ఎవరూ ముందరి చీటీ చదవరు. "కాలు సంగతి వద్దు, చెయ్యి సంగతి చెప్పండి" అనేవాళ్ళు ఒకరు. "అది ఎముకల వాళ్ళని అడగండి" అనేవాళ్ళు ఒకరు.

ఇప్పటికీ నాకు ఒళ్ళు మండేది ఇదే. ఆ డాక్టర్లందరి గదుల్లోకీ నేను ఆ కర్రల మీదే వెళ్ళాను. వాళ్ళ బల్ల పక్కనే, గోడకి ఆనించి పెట్టాను. ఒకాయన వాటిని కాలితో పక్కకి జరిపి మరీ కుర్చీ లాక్కున్నాడు. ఒక్కరూ వాటి వంక చూడలేదు. చీటీ పట్టుకుని బయటికొచ్చి మళ్ళీ అవే చంకలో పెట్టుకుని ఇంటికొచ్చేదాన్ని. మందు మింగుతూ, రోగాన్ని తెచ్చినదాని మీదే వేలాడుతూ.

ఇంట్లో మాటలు కరుకెక్కాయి. స్వాతి పొద్దున క్లాసులు మానేసి వంట చేసేది. నా జడ వేసేది, జాకెట్ హుక్కులు పెట్టేది. చిన్నప్పుడు నేను చేసినవన్నీ అది నాకు చేస్తుంటే ఓర్చుకోలేక దాని మీదే అరిచేదాన్ని. అత్త చేతికి ఎర్రదారం కట్టించింది. మా ఆయన సెలవులన్నీ అయిపోయాయి. ఒకరోజు ఆసుపత్రి నుంచి వస్తూ ఆటోలో అన్నారు:

"డాక్టర్లు అందరూ కుచ్ నహీ అన్నారు గదా. నువ్వే ఎక్కువ సోచాయిస్తన్నావు, లేనిపోని ఆలోసనలు. మనసు గట్టి సేసుకుని ఎత్తితే లేస్తాది."

చెయ్యి ఆయన మోకాలి మీద పెట్టి, "మీరే ఎత్తండి" అన్నాను. ఎత్తి వదిలారు. పడిపోయింది. దారి పొడుగునా ఆయన బయటికి చూస్తూ కూర్చున్నారు.

తీజా వెళ్ళిపోయింది. సేఠ్ పని వేరేవాళ్ళకి ఇచ్చాడు. తప్పు పట్టను.

ఒక్క మంచి మనిషి సంగతి చెప్పాలి. నరాల డాక్టరు గది బయట నా చీర కుచ్చెళ్ళు జారిపోయాయి. మెడకి పట్టీ, కాలికి కట్టు, పనిచెయ్యని చెయ్యి. ఏం చెయ్యాలో తెలీక గోడకి అతుక్కుని నిలబడ్డాను. ధమ్తరీ వైపు పల్లె నుంచి వచ్చిన ఒకామె, తన వంతు పిలుస్తున్నా వెళ్ళకుండా, నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని కుచ్చెళ్ళు సర్ది దోపింది. "హో గే దీదీ" అంది. అయిపోయింది అక్కా అని. పేరు కూడా అడగలేకపోయాను.

సెప్టెంబరు

నరాల డాక్టరు మెడకి కసరత్తులు రాశాడు. ఆసుపత్రి వెనక వరండాలో ఉంది ఆ కసరత్తులు చేయించే గది. అక్కడ సాహూ మేడమ్ అని, రిటైర్మెంటుకి దగ్గరపడినావిడ ఉంది. నేను తలుపులోంచి లోపలికి నడిచి వస్తుంటే చూస్తూ నిలబడింది. చీటీ చేతికిస్తే తీసుకోలేదు.

"ఏ బైసాఖీ కిస్కీ హై?"

నావేనన్నాను.

"ఆప్కీ నహీ హై" అంది గట్టిగా. నీవి కావని.

మా మరిదివని చెప్పాను. తిన్నగా నిలబడమని, కర్ర పైభాగానికీ నా చంకకీ మధ్య తన వేళ్ళు పెట్టబోయింది. ఒక్క వేలు కూడా దూరలేదు. రోజుకి ఎంతసేపు దీని మీద నిలబడతావంది. గుడ్డ కత్తిరించే సంగతి చెప్పాను. చేత్తో నుదురు కొట్టుకుంది. పొడుగు తగ్గించలేదేమంది. బటన్ బిగుసుకుందన్నాను. ఆవిడ కర్రని నేల మీద పడుకోబెట్టి, తలుపుకి అడ్డుగా పెట్టే రాయి తీసుకుని బటన్ మీద రెండు దెబ్బలు వేసింది. లోపలికి పోయింది. రెండో కర్రకి మూడు దెబ్బలు. అంతే. ఆరు వారాలుగా జామ్ అయిన బటన్.

మా ఆయన తలుపు దగ్గర నిలబడి ఆ రాయి వంకే చూస్తూ ఉండిపోయారు.

నన్ను కూర్చోబెట్టి ఎడమ చంకలో లోతుగా వేళ్ళు పెట్టుకోమంది. అక్కడ నాడి కొట్టుకుంటోంది. చెయ్యి మొత్తానికి రక్తం పోసే పెద్ద గొట్టం అదేనట. మెడలోంచి దిగిన నరాలు కాలర్ ఎముక కింద నుంచి దూరి, చంకలో ఆ గొట్టాన్ని చుట్టుకుని కట్టలా ఉంటాయట. అక్కడ వాటిని కాపాడే ఎముక లేదు, చర్మమూ కాస్త కొవ్వూ తప్ప. వెనక నుంచి వెళ్ళే లావుపాటి నరం జబ్బ ఎముకకి చుట్టుకుని కిందికి దిగుతుంది. మోచెయ్యి చాపేది, మణికట్టు ఎత్తేది, వేళ్ళు విప్పేది అదే. దాన్ని నేను రోజూ గంటల తరబడి నలిపేశాను. కుడి మణికట్టు దగ్గర నాడి చూసి, రక్తం బాగానే వెళ్తోంది, గొట్టానికి దెబ్బ తగల్లేదు, అదృష్టవంతురాలివంది. అదృష్టం అన్న మాట వినగానే నాకు ఏడుపొచ్చింది.

"బరువు ఉండాల్సింది అరచేతుల మీద" అంది ఆవిడ, తన రెండు అరచేతులూ చూపిస్తూ. "చంక దగ్గర రెండు మూడు వేళ్ళ సందు ఉండాలి. కర్ర పక్కటెముకలకి ఆనాలి, చంకకి కాదు. నీకు ఇది ఎవరూ చెప్పలేదా?"

చెప్పలేదు. చెప్పడానికి పట్టే టైము ఎంతో ఇప్పుడే చూశాను.

కర్రలు మాన్పించి నాలుగు కాళ్ళ వాకర్ ఇప్పించింది. మణికట్టు పైకి ఎత్తి ఉంచే పట్టీ వేసింది. నరం తెగలేదు, నలిగింది, తిరిగి వస్తుంది, నెలలు పడుతుంది అంది. ఎన్ని నెలలని అడిగితే తెలీదంది. అన్నాళ్ళలో తెలీదని నాతో ఒప్పుకున్న మొదటి మనిషి ఆవిడే.

మర్నాడు కాలి కట్టు విప్పించుకోవడానికి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఈ సంగతి చెప్పాను. పోట్లాడాలని కాదు. ఇంకొకళ్ళకి జరగకూడదని. "మీరు సరిగ్గా వాడలేదు" అన్నాడు, ఎక్స్‌రే వెలుతురుకి ఎత్తి చూస్తూ. "ఎలా వాడాలో మీరు చెప్పలేదు కదా సార్" అన్నాను. "ఎముక బాగా అతుక్కుంది" అన్నాడు. నెక్స్ట్ అన్నాడు.

ఇంట్లో ఇంకో పంచాయితీ. కర్రలే కారణమని తెలియగానే అత్త గుండెలు బాదుకుంది. "ఆడికి సెప్పకండిరా. సిన్నోడు తట్టుకోనేడు." మా ఆయన కూడా అదే మాట. చెబితే తమ్ముడు మొహం చూపించడు, ఈ ఇంటికి రావడం మానేస్తాడు. సింహాద్రి అలాంటివాడే. మిల్లులో మేస్త్రీ ఒక మాటన్నాడని మూడు నెలలు ఆయనకి ఎదురుపడకుండా తిరిగాడు. సరే, చెప్పొద్దనుకున్నాం. కానీ వాడు ప్రతి ఆదివారం ఫోన్ చేసి, "కర్రలు బాగున్నాయా వొదినా?" అని అడిగేవాడు. "బాగున్నాయి" అనేదాన్ని. ఫోన్ పెట్టేశాక రోజంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేకపోయేదాన్ని. చెయ్యి నాది, భయం నాది, అబద్ధం కూడా నేనే ఆడాలి.

అక్టోబరు నుంచి

ఈ నెలల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. అదే కష్టం. వారానికి మూడు రోజులు వరండా గది. పట్టీ తీసి, చెయ్యి బల్ల అంచు మీద పెట్టి, లే అని మనసులో అనుకోవడం. లేవదు. మళ్ళీ అనుకోవడం. సాహూ మేడమ్ ఎదురుగా కూర్చుని తన మణికట్టు ఎత్తుతూ ఉండేది, చిన్నపిల్లలకి నోరు తెరవడం చూపించినట్టు. సూదులు గుచ్చి నరం పరీక్ష చేశారు. కాగితం మీద గీతలొచ్చాయి. "ఉమ్మీద్ హై" అంది. ఆశ ఉందని. ఆశ ఉందన్న కాగితంతో అన్నం కలుపుకోలేం కదా అని ఆవిడ మీదే విసుక్కున్నాను. ఆవిడ చెంచాకి గుడ్డ చుట్టి పిడి లావుగా చేసి ఇచ్చింది.

ముందు మోచెయ్యి బలం వచ్చింది. చెయ్యి చాపగలుగుతున్నాను. నవంబరు చివర్లో ఒక మధ్యాహ్నం అత్త, నేను పచ్చి బఠాణీలు ఒలుస్తున్నాం. నేను ఎడమచేత్తో ఒలుస్తూ కుడిచెయ్యి పళ్ళెం అంచున ఆనించాను.

"ఒలే, మళ్ళీ సెయ్యి" అంది అత్త.

"ఏంటి?"

"ఇప్పుడు సేసినావే, అది."

నాకు తెలీకుండానే మణికట్టు లేచిందట. మళ్ళీ ప్రయత్నించాను. బియ్యపు గింజంత కదిలింది. అత్త బఠాణీల పళ్ళెం పక్కకి తోసి నా చెయ్యి రెండు చేతుల్లో పట్టుకుని కూర్చుంది. సాయంత్రం మా ఆయనకి పదిసార్లు చూపించమంది. ఆయన చూసి, "అప్పుడు ఆటోలో అలగ అనకుండా ఉండాల్సింది" అన్నారు. నేను సరేనలేదు, ఫరవాలేదనలేదు. విన్నానని తలూపాను. అంతకంటే నాకు చేతకాలేదు.

జనవరి

జనవరికి మణికట్టు పూర్తిగా లేస్తోంది. వేళ్ళు విప్పుకుంటున్నాయి. బొటనవేలు మాత్రం సగంలో ఆగిపోయింది. కత్తెర పట్టుకుంటే తెరవడానికి ఎడమచేతి సాయం కావాలి. కర్రలు తలుపు వెనక ఉన్నాయి.

ఒక ఆదివారం సింహాద్రి వచ్చాడు. కూర్చుని మంచినీళ్ళు తాగి, "వొదినా, ఆ కర్రలు ఇలగిస్తావా? మా మిల్లులో తూకం ఏసే ఆయన లారీ మీంచి పడి కాలు ఇరగ్గొట్టుకున్నాడు. పొట్టి మనిషి. పట్టుకెల్లి ఇస్తాను" అన్నాడు.

అత్త నా వైపు చూసింది. మా ఆయన లోపలికి వెళ్ళి కర్రలు తెచ్చి ఇవ్వబోయారు.

"ఉండండి" అన్నాను. "సింహాద్రీ, నా చెయ్యి ఎందుకు పడిపోయిందో నీకు తెలుసా?"

"మెడ అరిగిందని అన్నయ్య సెప్పినాడు."

"మెడ కాదు. ఈ కర్రలు."

మొత్తం చెప్పాను. చంకలో నరం సంగతి, నేను దాని మీద వేలాడిన సంగతి, రాయితో బటన్ కొట్టిన సంగతి. మధ్యలో అత్త "సాల్లే అమ్మా" అంది. ఆగలేదు. ఆగితే ఆ పొట్టి మనిషి చెయ్యి పోతుంది.

సింహాద్రి మా ఆయన చేతిలోని కర్రల వంక చూశాడు.

"నానే సేసినానా వొదినా?"

"నువ్వు ప్రేమగా తెచ్చావు. కొలత చూడాల్సింది ఆసుపత్రివాళ్ళు. చూడలేదు. నొప్పి పుడితే నేను ఆగాల్సింది. ఆగలేదు. నీ మీద కోపం లేదు అంటే అబద్ధం. ఉండేది. ఇప్పుడు లేదు."

"ఇన్నాళ్ళూ ఎందుకు సెప్పనేదు?"

"చెబితే నువ్వు రావడం మానేస్తావని."

వాడు లేచాడు. మా ఆయన గబగబా చెప్పులు వేసుకోబోయారు, వెనక వెళ్ళి ఆపడానికి. కానీ వాడు గుమ్మం వైపు వెళ్ళలేదు. కర్రలు తీసుకుని బటన్లు నొక్కి చూశాడు. ఎంత ఉంచాలి, చెయ్యి పట్టుకునే చోటు ఎక్కడుండాలి అని అడిగాడు. నిలబడి చూపించాను. రెండుసార్లు చెప్పించుకున్నాడు. మూడోసారి తనే నాకు అప్పజెప్పాడు. తరవాత వాటిని గోడకి పెట్టి నా ఎదురుగా కింద కూర్చున్నాడు.

"సెయ్యి సూపించు."

చాపాను. మణికట్టు ఎత్తాను. వేళ్ళు విప్పాను.

"బొటనేలు?"

"అది ఇంకా రాలేదు."

"ఎప్పుడొస్తాది?"

"తెలీదంట."

వాడు నా బొటనవేలి వంకే చూస్తూ కూర్చున్నాడు. అభన్‌పూర్ బస్సు టైమైపోతోందని మా ఆయన రెండుసార్లు అన్నారు. సింహాద్రి లేవలేదు.

"బస్సు పోతే పోనీ వొదినా" అన్నాడు. "అన్నం పెట్టు. తినే ఎల్తాను."